మొదటి వన్స్ మోర్

పోయిన నెల ఒక మధ్యాహ్నం అతని తమ్ముడు పెనుకొండ తాలూకా కచేరీకి వచ్చి నా బల్ల ముందర నిలబడ్డాడు. ధర్మవరంలో మగ్గం నేసుకొని బతికే మనిషి. చేతిలో విదేశీ తపాలా బిళ్లలు అంటించిన పొడుగాటి కవరు ఉంది.

"ఇంగిలీషులో ఉండాది సార్. స్టేషన్లో ఎవరితోనన్నా చదివించుకుందామనుకుంటి. మళ్ల మీరే చదవల్లని వస్తి" అన్నాడు.

మొదటి వాక్యంలోనే విషయం ఉంది. జర్మనీలో అతను పాడుతూ వచ్చిన నాటకశాల వాళ్లు రాసిన ఉత్తరం. మూడు వారాల జబ్బు, ఆసుపత్రి, ఆ తర్వాత ఇక లేడు. నేను తల ఎత్తకుండా చివరిదాకా చదువుతూనే ఉన్నాను. తమ్ముడు కాగితం వైపు చూడలేదు, నా మొహం చూస్తున్నాడు.

"మాయన్న బాగుండాడా సార్?"

"కూర్చోప్పా" అన్నాను. ఎప్పుడూ కూర్చోమనని నేను కూర్చోమనేసరికి అతనికి అర్థమైపోయింది. కుర్చీలో కాదు, గోడకు ఆనుకొని నేలమీద కూర్చున్నాడు.

ఉత్తరం చివర ఒక మాట రాశారు. అతని జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నారట. ఏ ఊళ్లో పుట్టాడు, పాట ఎట్లా మొదలైంది, తెలిసినవాళ్లు నాలుగు మాటలు రాసి పంపమని కోరారు. అది చెప్పగానే తమ్ముడు కళ్లు తుడుచుకొని, "మీరే రాయల్ల సార్. మాయన్నకు మొట్టమొదట సన్మానం చేసింది మీరే గదా. జాబు రాసినప్పుడంతా మిమ్మల్నే తల్చుకుంటాండె" అన్నాడు.

అరపేజీ ఇంగ్లీషులో రాసి పంపాను. అందులో నన్ను నేను మిత్రుడు, శ్రేయోభిలాషి అని రాసుకున్నాను. ఆ అరపేజీలో లేనిది ఇక్కడ రాస్తున్నాను. అతని పేరు రాయడం లేదు. సన్మానం కరపత్రంలో ఆ పేరు పక్కన నా పేరు వేసుకొని ఒకసారి ఊరంతా తిరిగాను. అది చాలు.

అతణ్ణి తలుచుకుంటే నాకు ముందుగా కనిపించేది అతని కడుపు మీద పెట్టుకున్న రుబ్బురోలు గుండు.

అప్పుడు నేను హిందూపురంలో గుమాస్తాను. అక్కడి నాటక సమాజానికి కార్యదర్శిని కూడా. వేషం కట్టేంత గొంతు నాకు లేదు. తెరపక్కన నిలబడి పాత్రధారులకు మాటలు అందించేవాణ్ణి. అతను ధర్మవరం నుంచి వచ్చి మా సమాజంలో కృష్ణుడి వేషం వేసేవాడు. ఐదేళ్లు అట్లా జరిగింది. తర్వాత ఉన్నట్టుండి నాటకాలకు రావడం మానేశాడు. ఏమైందో కనుక్కుందామని ధర్మవరం పోయాను. ఇంట్లో మగ్గం గుంట పక్కన వెల్లకిలా పడుకొని ఉన్నాడు. కడుపు మీద గుండు. అది నిదానంగా పైకి లేస్తోంది, నిదానంగా దిగుతోంది.

వాళ్లమ్మ రాట్నం ముందర కూర్చొని పట్టు చుడుతూ, "ఏం జబ్బో తెలీదు నాయనా, దొరసానమ్మ చెప్పిందంట. పొద్దన రుబ్బుకుందామంటే గుండు ఈయడు. దోసెలు తిని పదైదు దినాలాయ" అన్నది.

అతను గుండు దించకుండానే నవ్వాడు. "ఊపిరి పోగు మాదిరప్పా. మనం ఇన్నాళ్లూ గొంతుతో అరిచినాము. ఈడినుంచి లాగల్లంట" అని కడుపు చూపించాడు. "పోగు తెగితే ముడి వేయొచ్చు. అయితే ముడి కనపడకూడదు. అదీ కష్టం."

ధర్మవరం రైల్వే క్వార్టర్సులో ఒక పెద్దామె ఉండేది. మెయిలు బండి నడిపిన డ్రైవరు భార్య, ఆంగ్లో ఇండియను. భర్త పోయాక ఒక్కతే పియానో పెట్టుకొని ఉండేది. ఊళ్లో అందరూ పియానో దొరసాని అనేవాళ్లు. చిన్నతనంలో ఆమె ఎవరో తెల్లదొర దగ్గర ఆ దేశాల పాట నేర్చుకున్నదట. అక్కడ నాటకమంటే మొదటినుంచి చివరిదాకా పాటే. మాట కూడా పాటే. మైకు ఉండదు. యాభై వాయిద్యాలు ఒక్కసారి మోగుతుంటే వాటి మీదుగా ఒక్క మనిషి గొంతు వెనక వరుసదాకా పోవాలి. ఒక దసరాకు రైల్వే వాళ్ల హాల్లో మా నాటకం పడితే ఆమె ముందు వరుసలో కూర్చొని చూసింది. మరునాడు కబురు పంపింది: ఆ నీలం రంగు పూసుకున్న మనిషి ఎవరు, అంతసేపు అరిచినా గొంతు చిట్లలేదు, ఒకసారి రమ్మనండి అని.

అట్లా మొదలైంది. మూడేళ్లు ఆమె దగ్గర నేర్చుకున్నాడు. పొద్దున మగ్గం, సాయంత్రం పియానో.

ఆ మూడేళ్లలో అతను చాలా మందికి నవ్వులాటైపోయాడు. ధర్మవరం మే నెల ఎండలో మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకొని తిరిగేవాడు. ఊరుబిండి పచ్చడి లేనిదే సంగటి ముద్ద దిగని ఇంట్లో కారం మానేశాడు. బుడ్డి దీపం వెలిగించి, నోటికి జానెడు దూరంలో పెట్టుకొని రాగం తీసేవాడు, మంట కదలకూడదు. వారానికి రెండు రోజులు మాట్లాడకూడదని దొరసాని కట్టడి. ఆ రెండు రోజులూ పిల్లల పలక ఒకటి చంకలో పెట్టుకొని తిరిగేవాడు. సంతలో ఎవరన్నా "ఏమప్పా, యాడికి పోతాండావు?" అంటే పలక మీద బలపంతో రాసి చూపించేవాడు. అడిగినవాడికి చదువు రాకపోతే ఇద్దరూ అట్లాగే నిలబడి నవ్వుకునేవాళ్లు.

పాటల అర్థం అతనికి ముక్క తెలియదు. ఇటలీ వాళ్ల మాటలు తెలుగు లిపిలో రాసుకొని బట్టీ పట్టాడు. ప్రతి పాటకూ తనదైన పేరు పెట్టుకున్నాడు. ప్రియురాలు దూరమైనవాడి పాటకు "పోగు తెగిన పాట" అని పేరు. యుద్ధానికి పోయేవాడి పాట "బోణీ పాట". ఒక పాటకు మాత్రం పేరు పెట్టలేదు. అందులో చివర ఒక స్వరం ఉంది. దొరసాని దాన్ని ఇంగ్లీషు అక్షరంతో "పై సి" అనేది. పాట మెట్టు మెట్టుగా ఎక్కి అక్కడికి చేరాలి, చేరి నిలబడాలి. ఆ స్వరం నిలబెట్టగలిగినవాడికే ఆ దేశాల్లో నాయకుడి వేషమని ఆమె చెప్పింది. అతను అక్కడ నిలబడడం నేను ఆమె వరండాలో కూర్చొని ఒకసారి విన్నాను. ఆ పాట గురించి ఇప్పటికీ నాకు వేరే మాటలు రావు. చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టడానికి భయమేసింది. అంతే.

ఆ రోజు ఇంటికి నడుస్తూ అతను అన్న మాట ఒకటుంది. ఆ మాట విన్నందుకే తర్వాత నేను చేసిన పనికి క్షమ లేదనుకుంటాను.

"మూడేండ్లాయప్పా. ఆయమ్మ నోట బాగుండాది అనే మాట వినలేదు. 'మళ్లీ' అంటుంది, అంతే. ఆయమ్మ 'మళ్లీ' అన్నాదంటే తప్పు పాడినానని. తప్పు లేకుంటే గమ్మున పేజీ తిప్పుతుంది. మన నాటకాల్లో చూడు, బాగ పాడినోన్నే గదా మళ్లీ పాడమంటారు. ఒక్కొక్క దినం చెవులు అడుగుతాయప్పా, ఎవరన్నా వన్స్ మోర్ అంటే బాగుండునని."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట దాచుకున్నాను.

యాభైల చివర్లో జర్మనీ నుంచి ఒక పెద్ద గాయకుడు బెంగుళూరు వస్తున్నాడని కబురు వచ్చింది. అక్కడి కంటోన్మెంటులోని ఒక బడి హాల్లో గొంతులు పరీక్షిస్తాడు. నచ్చినవాణ్ణి తీసుకుపోయి తమ నాటకశాలలో పెట్టుకొని నేర్పిస్తారు. పరీక్ష గురువారం. ఆ ముందు ఆదివారం హిందూపురంలో అతనికి సన్మానం చేయాలని నేను పట్టుబట్టాను.

"పోయి వచ్చినాక చేద్దువులేప్పా. ఇప్పుడు ఏం సాధించినానని?" అన్నాడు.

"పోయేవాడికి ధైర్యం ఉండాలి గదా" అన్నాను. అసలు సంగతి వేరు. పరీక్ష పోతే సన్మానానికి ఎవరూ రారు. గెలిస్తే సన్మానం చేయడానికి నాకంటే పెద్దవాళ్లు వరుసకడతారు. నాకు మిగిలింది ఆ ఒక్క ఆదివారమే.

దొరసానిని అడగడానికి ధర్మవరం పోయాను. ఆమె పియానో మూత మీద రెండు చేతులూ పెట్టి నా మాటలు విన్నది. తర్వాత తనకు వచ్చిన తెలుగులో, "కుర్చీ మీద కూర్చోని. దండ వెయ్యి. ఫొటో తియ్యి. పాట వద్దు. ఒక లైను కూడా వద్దు. నాలుగు రోజుల ముందు ఆ పాత అరుపు అరిస్తే పైన ఉండేది పోతాది. తెలుసా నీకు?" అన్నది.

"తెలుసు మేడమ్."

"ఎవరు అడిగినా నువ్వు ఆపాలి. అతను కాదు, నువ్వు. అతనికి ఇష్టం, అందుకే అతను ఆపలేడు. ప్రామిస్?"

"ప్రామిస్" అన్నాను. ఆమె చేయి చాచింది. చేతిలో చేయి వేసి వచ్చాను.

ఆదివారం పొద్దున, మాట్నీకి ముందు సినిమా హాలు మాకిచ్చారు. బెల్లం మండీల వాళ్లు, చింతపండు వ్యాపారస్థులు, బడి పంతుళ్లు, హాలు నిండింది. అతను వేదిక మీద ఎత్తు కుర్చీలో మెడకు ఉన్ని గుడ్డతో, ఒళ్లో పలకతో కూర్చున్నాడు. శాలువా కప్పారు. సన్మానపత్రం నేనే చదివాను. అందులో నేను రాసినవన్నీ ఇంకా జరగని సంగతులే.

పత్రం అయ్యేసరికి జనంలో కదలిక మొదలైంది. ముందు వరుసలోని ఒక మండీ యజమాని గట్టిగా, "ఏమబ్బా సెక్రెట్రీ, పాట లేకుండ సన్మానమా? ఉప్పు లేని సంగటి పెడ్తాండావే!" అన్నాడు. హాలంతా నవ్వింది.

"మూగోన్ని కూర్చోబెట్టి శాలువా కప్పినట్లుండాది" అని వెనక నుంచి ఇంకొకడు.

నేను మైకు ముందర నిలబడి ఉన్నాను. ఆపాల్సిన మనిషిని నేనే. రెండు మాటలు చాలు: గొంతు పరీక్ష ఉంది, పాడకూడదు. ఆ రెండు మాటలు చెబితే హాలు లేచిపోతుందేమో, రేపటినుంచి మండీలో నన్ను చూసి నవ్వుతారేమో అనిపించింది. "మీ కోరిక మీద, ఒకే ఒక్క పద్యం" అన్నాను.

అతను నా వైపు చూశాడు. పలక కింద పెట్టి లేచాడు.

హార్మోనియం వాయించే ఆయనకు శ్రుతి తగ్గించి పట్టమని చేత్తో చూపించాడు. ఆయన అలవాటు కొద్దీ నాటకాల్లో పట్టే ఎత్తు శ్రుతి, ఐదే పట్టాడు. నేను తెరపక్కకు, నా పాత చోటుకు వెళ్లి నిలబడ్డాను. కృష్ణ రాయబారంలో అతను పాడుతూ వచ్చిన పద్యమే. కానీ ఆ గొంతు ఇప్పుడు వేరు. మైకు పక్కకు తోసి పాడాడు. బాల్కనీలో చివరివాడికి కూడా తన చెవి దగ్గరే పాడినట్లుంది. పద్యం అయిపోయింది. హాల్లో చప్పుడు లేదు. జనం దిగ్భ్రమ పడిపోయారు, అంతే. కానీ మా నాటకాల్లో పద్యం తర్వాత అంత నిశ్శబ్దమంటే పాత్రధారికి ప్రాణం పోయినట్లు. అతని మొహం పాలిపోవడం నాకు కనిపించింది.

ఆ నిశ్శబ్దంలో తెరపక్క నుంచి "వన్స్ మోర్!" అని అరిచింది నేను.

ఎందుకు అరిచానో పదేళ్లుగా నాకు నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. అతనికి ధైర్యం ఇద్దామని అని. ఆనందం ఆపుకోలేక అని. నిజం ఇది: నేను ఏర్పాటు చేసిన సభ చప్పగా పోకూడదని.

ఆ ఒక్క అరుపుతో హాలు పగిలింది. వన్స్ మోర్ వన్స్ మోర్ అని బెంచీలు కొట్టారు. అతను మళ్లీ పాడాడు. ఇంకా పొడుగ్గా, ఇంకా పైకి. మూడోసారి. నాలుగోసారి. మొదలుపెట్టే ముందు ప్రతిసారీ తెరపక్కకు తిరిగి నా వైపు చూశాడు. నేను చేయించిన వైభోగానికి ఆ చూపులో కృతజ్ఞత ఉందనుకున్నాను. చేతులెత్తి చప్పట్లు కొట్టాను. నాలుగోసారి రాగం కొసన ఏదో చిన్న చప్పుడు, మగ్గం మీద బిగువైన పోగు తెగినట్లు. జనానికి వినిపించలేదు. అతను కళ్లు ఒక్క క్షణం మూసి, తెరిచి, నవ్వుతూ పద్యం ముగించాడు. ముడి కనపడలేదు.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు నీళ్లు అడగబోయాడు. గాలి తప్ప మాట రాలేదు. నా భార్య చేతిలో గరిటె ఆగిపోయింది. అతను పలక తీసుకొని "ఏం లేదు, రేపటికి సరిపోతుంది" అని రాశాడు.

రేపటికి సరిపోలేదు. గురువారం దాకా మా ఇంట్లోనే ఉన్నాడు. ఆ రోజులు నేను ఎట్లా గడిపానో చెప్పలేను. పొద్దున లేవగానే అతను పెరట్లోకి పోయి, గోడవైపు తిరిగి, నోరు మూసుకొని సన్నగా కూనిరాగం తీసేవాడు. నేను గడ్డం గీసుకునే నెపంతో తలుపు చాటున నిలబడి వినేవాణ్ణి. కింద బాగానే ఉండేది. పైకి పోతుంటే ఒకచోట రాగం ఉన్నట్టుండి గాలైపోయేది. అక్కడ ఆపి, మళ్లీ కిందినుంచి మొదలుపెట్టేవాడు. సోమవారం అక్కడే. మంగళవారం అక్కడే. బుధవారం ఒక మెట్టు ఎక్కినట్లనిపించి, తలుపు వైపు తిరగబోయి గడ్డం కోసుకున్నాను. రక్తం తుడుచుకుంటూ విన్నాను. మళ్లీ గాలే. నా భార్య మిరియాల పాలు కాచేది, అతను బుద్ధిగా తాగేవాడు. మండీ వాళ్లు వచ్చి అతని వీపు తట్టి పోయేవాళ్లు. "ఏం పాడితివప్పా! గూబలు అదిరిపాయ!" అనేవాళ్లు. నన్ను ఒక్క మాట అనలేదతను. అంటే బాగుండేది.

గురువారం రైలు ధర్మవరం నుంచి వచ్చింది. దొరసాని అందులోనే ఉంది. హిందూపురంలో మేమిద్దరం ఎక్కాము. అతను కూర్చోకముందే ఆమె అతని మెడ వైపు చూసి, "పాడినావా?" అన్నది.

నేను నోరు తెరిచాను. నా కంటే ముందు అతను, ఆ బొంగురు గొంతుతోనే, "లేదమ్మా. జలుబు చేసింది" అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "నిజమా?"

"జలుబే మేడమ్" అన్నాను.

ఆమె నాకు మరో అవకాశం ఇచ్చినట్లు కొంతసేపు అట్లాగే చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

బెంగుళూరులో ఆ హాలు బయట వరండాలో ఒక బెంచీ ఉండేది. నన్ను అక్కడ కూర్చోమన్నారు. లోపల పియానో వాయించేది దొరసానే. ముందు రెండు పాటలు పాడాడు. నాకు ఊపిరి తిరిగింది. బాగుంది, బొంగురు కూడా తెలియడం లేదు, అనుకున్నాను. తర్వాత పేరు పెట్టని పాట మొదలైంది. ఆ పాట నాకు మెట్టు మెట్టూ తెలుసు. లేచి నిలబడ్డాను. తలుపు చెక్క మీద అరచేయి ఆనించాను, ఆ గొంతును నేనే పైకి నెట్టగలిగినట్లు. ఎక్కుతున్నాడు. ఎక్కుతున్నాడు. ఇంకొక్క మెట్టు. గొంతు ఆ స్వరం మీద కాలు పెట్టింది, తెరుచుకుంది, అక్కడే రెండుగా చీలిపోయింది.

పియానో ఆగింది. వరండాలో ఒక బంట్రోతు నన్ను చూసి, "ఏమైంది స్వామీ, నీళ్లు కావాలా?" అని అడిగాడు.

తర్వాత లోపల ఆ జర్మనీ ఆయన గొంతు వినిపించింది. పియానో మళ్లీ మొదలైంది. ఈసారి పైకి కాదు, కిందికి. ఒక్కొక్క మెట్టు దిగుతూ గంటసేపు పాడించారు.

అతను బయటికి వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. "పోతాండానప్పా, తీసుకుంటారంట" అన్నాడు. నేను అతని చేయి పట్టుకున్నాను. అతను చేయి వదిలించుకోకుండానే చెప్పాడు. పైన ఉండేది పోయిందట. కింద ఉండేది మంచిదట. గుంపులో పాడే చోటిస్తారు, కింది గొంతు నేర్పిస్తారు. "వాళ్ల నాటకాల్లో ప్రేమించేటోడు, కత్తి పట్టేటోడు అందరూ పై గొంతోళ్లేనంట. కింది గొంతోళ్లకు ముసలి తండ్రి, పూజారి, కావలోడు. నాకింక గడ్డాల వేషాలే. మంచిదే, నీలం రంగు పూసే పని తప్పింది" అని నవ్వాడు.

మీ గొంతు మొదటినుంచీ కింది గొంతేనేమో, ఎప్పటికైనా అక్కడికే వచ్చేదేమో అని కూడా ఆ జర్మనీ ఆయన అన్నాడట. ఆ ఒక్క మాటను నేను ఏళ్ల తరబడి పట్టుకొని వేలాడాను.

తిరుగు ప్రయాణంలో దొరసాని హిందూపురం వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. నేను దిగబోతుంటే, "జలుబు ఏ రోజు మొదలైంది?" అని అడిగింది.

"ఆదివారం" అన్నాను.

"ఆదివారం" అన్నది ఆమె. ఆ తర్వాత నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

అతను ఓడ ఎక్కి పోయాడు. ఏడాదికి రెండు మూడు ఉత్తరాలు వచ్చేవి. మొదట గుంపులో పాడాడు. తర్వాత చిన్న చిన్న వేషాలు. ఆస్ట్రియా, స్విట్జర్లాండు, ఇటలీ, వాళ్ల బృందంతో తిరిగిన ఊళ్ల ఫొటోలు పంపేవాడు. అన్నిటిలోనూ తెల్ల గడ్డమే. "నా కొడుకు వేషం వేసేటోడు నా కంటే పదేండ్లు పెద్దోడు. నన్ను నాయనా అని ఏడుస్తాడు. నాకు నవ్వొస్తాది" అని రాశాడు. ఇంకోసారి: "ఈడ ఎంత బాగ పాడినా మళ్లీ పాడమని అడగరప్పా. చప్పట్లు కొడతానే ఉంటారు, మేము వంగుతానే ఉంటాము. పాటకంటే వంగేదానికే నడుము పోతాది." మంచుదేశంలో సంగటికి పిండి లేక ఏదో రొట్టె పిండితో చేసుకొని తిన్నానని ఒకసారి. ఏ ఉత్తరంలోనూ ఆ ఆదివారం సంగతి లేదు. ప్రతి ఉత్తరం విప్పగానే నేను వెతికేది దానికోసమే. లేకపోతే హాయిగా ఉండేది. ఆ హాయికి సిగ్గుపడి, జవాబు రాయడం వాయిదా వేసేవాణ్ణి.

అరవైల నడుమ వాళ్లమ్మకు జబ్బు చేస్తే వచ్చాడు. అప్పటికి నాకు పెనుకొండ బదిలీ అయింది. ఒక పొద్దున ధర్మవరం బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చాడు. కొంచెం లావయ్యాడు. మాట గంభీరంగా, బావిలోంచి వచ్చినట్లుంది. "కొండెక్కుదాం పదప్పా. చదునుగ ఉండే దేశంలో ఉండి ఉండి కాళ్లు మొద్దుబారినాయి" అన్నాడు.

కోట మెట్ల మీద సగం దూరం ఎక్కి ఒక బండ మీద కూర్చున్నాము. కింద ఊరు, రైలు దారి, దూరంగా చెనిక్కాయ చేన్లు. నా మనసులో ఒకటే ఉంది: ఈ రోజు చెప్పేయాలి.

అతనే పాట సంగతి ఎత్తాడు. ఏ కొత్త నాటకశాలకు పోయినా, మొదటి రోజు ఎవరూ లేనప్పుడు వేదిక మీద ఒంటరిగా నిలబడి ఆ పై స్వరం ఒక్కసారి ప్రయత్నిస్తాడట. "పది సార్లకు మూడు సార్లు దొరుకుతుంది. జనం ముందర మాత్రం ఆ దావకు పోను."

ఇక్కడ ఒకసారి పాడకూడదా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. ఆ మాట మింగగలిగాను గనక ఇంక చెప్పగలననుకొని మొదలుపెట్టాను. "ఆ రోజు హిందూపురంలో జనం నిన్ను..." అన్నాను.

చూడండి, నేరం ఒప్పుకోవడానికి కొండెక్కినవాణ్ణి, నోరు తెరవగానే జనం మీద పెట్టాను.

"జనం తర్వాతప్పా" అన్నాడతను. దూరంగా పోయే రైలును చూస్తూనే అన్నాడు. "మొట్టమొదటి గొంతు జనానిది కాదు. ఐదేండ్లు తెరపక్కన ఉండి నాకు మాటలందించిన గొంతు గుర్తుపట్టనా?"

"తెలిసి మళ్ల యాల పాడితివి?" అన్నాను. నా మాట నాకే వినబడలేదు.

అతను కొంచెం ఆశ్చర్యంగా నా వైపు తిరిగాడు, ఇది కూడా తెలియదా అన్నట్లు.

"దొరసానమ్మ నీకు ఏం చెప్పిందో, నువ్వు ఏం మాటిచ్చినావో ఆయమ్మ నాకు చెప్పింది. ఆపమని మాటిచ్చినోడే అడుగుతాండాడంటే ఏం కాదులే, పాడొచ్చులే అనుకుంటి. ప్రతిసారీ నీ పక్క చూస్తినే. నువ్వు చెయ్యెత్తితే ఆపేద్దామని. నువ్వు చప్పట్లు కొడతాంటివి."

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. ఒక లెక్క సరిచూసి చెప్పినట్లు చెప్పాడు. తర్వాత లేచి బట్టలు దులుపుకున్నాడు. "ఎండ ముదురుతాండాది. దిగుదాం" అన్నాడు.

దిగే చోట మెట్లు అరిగిపోయి నునుపుగా ఉన్నాయి. అతని కాళ్లకు ఆ దేశపు తోలుబూట్లు. రెండు మెట్లు దిగి జారబోయి నిలదొక్కుకున్నాడు. "నువ్వు ముందర నడువప్పా. నీకు ఈ దావ అలవాటు. నీ భుజం పట్టుకొని వస్తా" అని నా భుజం మీద చేయి వేశాడు.

బరువైన చేయి. కింద రోడ్డు వచ్చేదాకా నేను ఒక్క అడుగు కూడా చూడకుండా వేయలేదు.